ఎనిమిది దాటాక, పది చేరేలోపు: ఆ మధ్య మెట్టుకి డబ్బులెవరిచ్చారు?

పోయిన ఎపిసోడ్‌లో బకింగ్‌హామ్ కాలువ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి అంతకంటే పొడిగా అనిపించే టాపిక్. స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ళు, బడ్జెట్లు. ఆగండి, ఆపేయకండి. తడ చుట్టుపక్కల మన ఊళ్ళలో ఎవరు ఎంతవరకు చదివారు, ఎవరు ఎక్కడ ఆగిపోయారు అన్న లెక్కంతా ఇందులోనే ఉంది.

ముందు రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి. 1944, 2012.

1944లో భారత ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకి స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. అప్పటికి స్వాతంత్ర్యం కూడా రాలేదు. అది మెట్రిక్ పాసయ్యాక చదివేవాళ్ళకి, అంటే ఇప్పటి భాషలో టెన్త్ తర్వాత. అదే షెడ్యూల్డ్ కులాల పిల్లలు తొమ్మిది, పది తరగతులు చదవడానికి అందరికీ వర్తించే స్కాలర్‌షిప్ కేంద్రం తరఫున ఎప్పుడొచ్చిందో తెలుసా? 2012 జులై 1న. మధ్యలో 68 ఏళ్ళు. పైమెట్టు మీద డబ్బులు పెట్టారు, ఆ పైమెట్టు దాకా ఎక్కాల్సిన మెట్టుకి 68 ఏళ్ళు పెట్టలేదు. మధ్యలో 1977-78 నుంచి పాకీపని, తోలుపని లాంటి వృత్తుల్లో ఉన్నవాళ్ళ పిల్లలకి ఒక స్కీమ్ నడిచింది, అది వేరే. నేను మాట్లాడేది మామూలు కూలీ ఇంటి పిల్లాడి గురించి.

ఇదేదో కుట్ర అని నేను అనను. దాని వెనక ఒక ఆలోచన ఉంది, అది అంబేద్కర్ ఆలోచన. 1942లో ఆయన వైస్రాయ్ కౌన్సిల్ మెంబర్. వైస్రాయ్ లిన్‌లిత్‌గోకి ఒక మెమొరాండం ఇచ్చి, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకీ బనారస్ హిందూ యూనివర్సిటీకీ చెరో మూడు లక్షలు ఇస్తున్నారు కదా, మా వాళ్ళ చదువుకీ ఏటా మూడు లక్షలు ఇవ్వండి అని అడిగారు. ఇప్పించారు. ఆయన వాదన సూటిగా ఉండేది. చట్టాలు ఎన్ని రాసినా, వాటిని అమలుచేసే కుర్చీల్లో మనవాళ్ళు కొందరైనా లేకపోతే కాగితం కాగితంగానే ఉంటుంది. అందుకే ముందు పైచదువు. ఆరోజుకి అది సరైన ఎత్తుగడే. సమస్య ఏంటంటే, ఆ ఎత్తుగడని తర్వాతొచ్చిన వాళ్ళు పూర్తిచేయలేదు.

సరే, ఇది ఢిల్లీ కథ. మన తడ దగ్గర అప్పటికి ఏం జరుగుతోంది?

మ్యాప్ ఒకసారి ఊహించుకోండి. తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట, ఆపైన సముద్రం. దక్షిణాన స్టేషన్ ఒక్కటి దాటితే ఆరంబాక్కం, తమిళనాడు. ఉత్తరాన ఇరవై కిలోమీటర్ల లోపే సూళ్ళూరుపేట. ఇప్పుడు కాగితాల మీద మనది తిరుపతి జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి. కానీ మా ఇంట్లో పెద్దవాళ్ళని ఏ జిల్లా అని అడిగితే ఇప్పటికీ నెల్లూరనే అంటారు. నేనూ అంతే. ఈ ఎపిసోడ్‌లో చెప్పే చరిత్ర మొత్తం నెల్లూరు జిల్లా చరిత్రే కాబట్టి అలాగే పిలుస్తాను.

సూళ్ళూరుపేటతో మొదలుపెడదాం. 1865 ప్రాంతంలో ఆగస్ట్ మిలియస్ అనే జర్మన్ మిషనరీ అక్కడికొచ్చి స్థిరపడ్డాడు. హెర్మన్స్‌బర్గ్ అని ఉత్తర జర్మనీలో ఒక పల్లె. అక్కడి లూథరన్ పాస్టర్ లుడ్విగ్ హార్మ్స్ తన ఊరి రైతుల చందాలతో ఒక మిషన్ సంస్థ పెట్టాడు. సొంతంగా ఓడ కూడా కట్టించుకున్నారు. ఆ మిషన్ మన సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, తిరుపతి వైపు విస్తరించింది. మతం వాళ్ళ పని, అది దాచాల్సింది ఏమీ లేదు. కానీ దాంతోపాటు బడి వచ్చింది, దూరపు పల్లెల పిల్లలు ఉండి చదువుకునే బోర్డింగ్ వచ్చింది. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలకి పలక చేతికొచ్చింది అక్కడే.

డబ్బు ఎవరిది? ఎప్పుడూ మన ఊరి పేరు వినని, వేల మైళ్ళ దూరంలో ఆలుగడ్డలు పండించుకునే రైతుది. నాకు ఇది చాలా ఆశ్చర్యంగా అనిపిస్తుంది. ఇంకో విషయం కూడా గమనించండి. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్లు శత్రు దేశస్థులయ్యారు, మిషనరీలు నిర్బంధంలోకి వెళ్ళారు, అక్కణ్ణించి డబ్బు ఆగిపోయింది. తర్వాత అమెరికాలోని ఒహైయో లూథరన్లు ఆ పనిని చేతిలోకి తీసుకున్నారు. యూరప్‌లో ఎవరో యువరాజుని కాలిస్తే సూళ్ళూరుపేటలో బోర్డింగ్ పిల్లాడి అన్నం కదిలింది. దాతల డబ్బు మీద నడిచే చదువుకి ఉండే బలహీనత ఇదే. దాత మంచివాడే కావచ్చు, కానీ పిల్లాడు పది పూర్తిచేసేదాకా ఆ దాత పరిస్థితి మారకుండా ఉంటుందని గ్యారెంటీ లేదు.

ప్రభుత్వం ఊరికే కూర్చుందా అంటే, లేదు. శ్రీహరికోటని బ్రిటిష్ ప్రభుత్వం 1835లో తన చేతిలోకి తీసుకుంది. అక్కడి యానాదులు అడవి సరుకు మీద బతికేవాళ్ళు. 19వ శతాబ్దంలోనే ప్రభుత్వం వాళ్ళ పిల్లల కోసం శ్రీహరికోటలో ఒక బడి పెట్టింది. బడికొస్తే బియ్యం ఇచ్చేవాళ్ళు. బుట్టలల్లడం లాంటి చేతిపనులు నేర్పేవాళ్ళు. థర్‌స్టన్ 1909లో వేసిన పెద్ద పుస్తకం చివరి సంపుటంలో యానాదుల అధ్యాయం ఉంటుంది, ఆసక్తి ఉన్నవాళ్ళు చదవండి, కాకపోతే ఆయన రాసే తీరు చదువుతుంటే కోపమొస్తుంది, ముందే చెప్తున్నా. ఆ బడి నిలవలేదు. కానీ ఆలోచన చూడండి: పిల్లాడు బడిలో కూర్చుంటే ఇంటికి పోయే సంపాదన ఏదో ఉంది, దాన్ని పూడ్చాలి. ఇప్పుడు ప్రపంచ బ్యాంకు రిపోర్టుల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మన సరస్సు అవతల గట్టున దాదాపు నూటయాభై ఏళ్ళ కింద బియ్యం గింజలతో చేశారు.

అదే ప్రభుత్వం అదే యానాదులని కొన్నిచోట్ల నేరస్థ జాతుల చట్టం కిందకి కూడా తెచ్చింది. ఒక చేత్తో బియ్యం, ఇంకో చేత్తో పోలీస్ రిజిస్టర్. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. దాని మీద పోరాడిన నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య. ఈయన పేరు మన స్కూల్ పుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు. ఆదిమజాతి సేవక్ సంఘ్ పేరుతో నెల్లూరు కేంద్రంగా పనిచేశారు, గిరిజన పిల్లల హాస్టళ్ళ కోసం తిరిగారు, 1962లో యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. హాస్టల్ అనేది ఆయనకి దానం కాదు. పోలీసు రిజిస్టర్‌లో పేరుండే ఇంటి పిల్లాడికి, హాజరు రిజిస్టర్‌లో పేరు రావడం అంటే ఏంటో ఆయనకి తెలుసు.

ఇక మద్రాసు ప్రభుత్వం 1920 ప్రాంతంలో లేబర్ కమిషనర్ అనే ఆఫీసు పెట్టింది. పేరు చూసి ఫ్యాక్టరీ కార్మికుల ఆఫీసు అనుకుంటాం. కానీ అప్పట్లో అణగారిన కులాల ఇళ్ళస్థలాలు, బావులు, బడులు దాని పనే. పల్లెల్లో లేబర్ స్కూళ్ళని పిలిచేవాళ్ళు. తర్వాత ఇదే హరిజన సంక్షేమ శాఖ అయింది, ఆ తర్వాత సాంఘిక సంక్షేమ శాఖ. మన ఊళ్ళలో సోషల్ వెల్ఫేర్ హాస్టల్ అంటున్నామే, దాని తాతముత్తాతలు వీళ్ళు.

కానీ ఆ లేబర్ స్కూళ్ళలో ఎక్కువ భాగం చిన్న తరగతులవే. హైస్కూలు అంటే టౌన్. హైస్కూలు అంటే నెలనెలా ఫీజు. ఫీజులో రాయితీ ఇచ్చినా, టౌన్‌లో ఎక్కడుంటాడు, ఏం తింటాడు? జిల్లా బోర్డుల హైస్కూళ్ళు కొన్ని ఉండేవి. 1959 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలయ్యాక అవి జిల్లా పరిషత్తుల కిందికొచ్చాయి. అందుకే మన ఊరి బడి బోర్డు మీద ఈరోజుకీ జెడ్పీ హైస్కూల్ అని ఉంటుంది. దూరం కొంత తగ్గింది, సున్నా కాలేదు.

ఇక్కడ బోర్డర్ కథ ఒకటి చెప్పాలి. ఇది తడ వాళ్ళకి మాత్రమే కనపడే కథ.

1953 అక్టోబర్ 1 దాకా తడ, ఆరంబాక్కం రెండూ మద్రాసు రాష్ట్రమే. ఆరోజు మధ్యలో గీత పడింది. 1956లో అటువైపు కామరాజ్ ప్రాథమిక బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. 1982లో ఎంజీఆర్ దాన్ని ఇంకా పెద్దగా చేశారు, 1984లో పదో తరగతి దాకా పొడిగించారు. ఇటువైపు? సుప్రీంకోర్టు 2001 నవంబర్‌లో ఆర్డర్ వేశాక, 2003 జనవరిలో ప్రాథమిక బడుల్లో వండిన భోజనం మొదలైంది. హైస్కూలు పిల్లల దాకా వచ్చేసరికి 2008. అంటే ఒకే సరస్సులో వల వేసే రెండు కుటుంబాలు, ఒకే యాస, పెళ్ళిసంబంధాలు కూడా కలుపుకునేవాళ్ళు. గీతకి అటువైపు పుడితే తొమ్మిదో తరగతి పిల్లకి 1984 నుంచి మధ్యాహ్నం అన్నం ఉంది. ఇటువైపు పుడితే ఇంకో 24 ఏళ్ళు లేదు. ఒక తరం మొత్తం చదువుకునే వయసు దాటిపోయింది ఆ గ్యాప్‌లో.

అన్నం పెడితే చదువొస్తుందా అని అడిగేవాళ్ళున్నారు. పొద్దున్నే సద్దన్నం తిని మూడు కిలోమీటర్లు నడిచొచ్చిన పిల్ల, మధ్యాహ్నం ఇంటికెళ్ళి తినిరావడం కుదరక, ఆకలితో లెక్కల పీరియడ్‌లో కూర్చుంటే ఏమొస్తుందో వాళ్ళే చెప్పాలి.

మన వైపు ప్రభుత్వం ఎంచుకున్న దారి వేరు. అది హాస్టల్, గురుకులం. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. ఆ వెంటనే ఆంధ్రకి తాడికొండ, రాయలసీమకి కొడిగెనహళ్ళి. పల్లెటూరి బడుల్లో చురుకైన పిల్లల్ని పరీక్షపెట్టి ఏరుకుని, ప్రభుత్వ ఖర్చుతో అక్కడే ఉంచి చదివించడం. 1980ల మధ్యలో ఎన్టీఆర్ ప్రభుత్వం సాంఘిక సంక్షేమ గురుకులాలని విడిగా మొదలుపెట్టింది. దీనికి ముందూ తర్వాతా సాంఘిక సంక్షేమంలో పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, హాస్టళ్ళ కోసం పట్టుబట్టిన మనిషి. తర్వాత ఆయనకి పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు.

గురుకులాల ఫలితం గురించి కొత్తగా నేను చెప్పక్కర్లేదు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న మాలావత్ పూర్ణ 2014 మేలో ఎవరెస్ట్ ఎక్కింది, 13 ఏళ్ళకి. మన రెండు రాష్ట్రాల్లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్న ఎంతోమంది ఇలాంటి చోట్ల నుంచే వచ్చారు. కానీ నాకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. గురుకులం సీటు అనేది లెక్కపెట్టి ఇచ్చేది. సీటొచ్చిన పిల్లాడికి అన్నం, బట్టలు, పుస్తకాలు, టీచర్, పడక, అన్నీ. రాని పిల్లాడు ఊళ్ళో జెడ్పీ హైస్కూల్‌లో ఉంటాడు, వాడి మీద పెట్టే ఖర్చు అందులో చిన్న భాగం. ఒకే ఇంట్లో అన్నకి సీటొచ్చి చెల్లికి రాకపోతే ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? అన్న కలెక్టరాఫీసులో ఉద్యోగం, చెల్లి రొయ్యల షెడ్‌లో తలలు తీసే పని. ఇలాంటి ఇళ్ళు మీకు ఎన్ని తెలుసో మీరే లెక్కపెట్టుకోండి.

ఇక డే స్కాలర్ దగ్గరికొద్దాం. ఊళ్ళోనే ఉంటూ రోజూ బడికి పోయే పిల్ల. దేశంలో ఎక్కువమంది వీళ్ళే.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. 6 నుంచి 14 ఏళ్ళ దాకా. అంటే ఎనిమిదో తరగతితో హక్కు అయిపోతుంది. బాలకార్మిక చట్టం చూడండి. 2016 సవరణ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదు, సొంత కుటుంబం పనిలాంటి కొన్ని మినహాయింపులు వదిలేస్తే. 14 దాటాక 18 దాకా ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషేధం. రెండు చట్టాలూ ఒకే పుట్టినరోజున చెయ్యి వదిలేస్తాయి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, రెండు సర్వర్లూ ఒకే నిమిషానికి షట్‌డౌన్ అయ్యేలా ఎవరో షెడ్యూల్ చేసినట్టు. సరిగ్గా అప్పుడే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఆరేళ్ళ పిల్ల బడికి పోకుండా ఇంట్లో ఉంటే ఎవరికీ పైసా సంపాదన లేదు. పద్నాలుగేళ్ళ పిల్లాడు బడి మానేస్తే నాన్నతో పడవెక్కుతాడు, చెరువు మీద కాపలా ఉంటాడు, ఇటుక బట్టీకి పోతాడు. పద్నాలుగేళ్ళ ఆడపిల్ల అయితే చిన్నపిల్లల్ని చూసుకుంటుంది, అమ్మ కూలికి పోవచ్చు. ఫీజు సున్నా అయినా చదువు ఉచితం కాదు. పిల్ల తేలేకపోయిన కూలి డబ్బే అసలు ఫీజు.

ఈ ఫీజు కట్టడానికి కేంద్రం ఏమిచ్చింది? 2008లో మూడు వేల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ పథకం పెట్టారు, తొమ్మిదిలో చేరిన ఎస్సీ, ఎస్టీ ఆడపిల్లల కోసం. పదో తరగతి పాసై, పద్దెనిమిదేళ్ళు నిండాక తీసుకోవచ్చు. మంచి ఉద్దేశమే. కానీ తొమ్మిదో తరగతిలో జూన్ నెలలో నోట్‌బుక్కులకి డబ్బుల్లేని ఇంటికి, నాలుగేళ్ళ తర్వాత వచ్చే మూడు వేలు ఎలా పనికొస్తాయి?

తర్వాత 2012. నేను మొదట్లో చెప్పిన స్కాలర్‌షిప్. డే స్కాలర్‌కి నెలకి 150 రూపాయలు, పది నెలలు. పుస్తకాలకి 750. హాస్టల్లో ఉంటే నెలకి 350, పుస్తకాలకి వెయ్యి. డే స్కాలర్ లెక్క వేద్దాం: 1500 ప్లస్ 750, మొత్తం 2250 రూపాయలు, ఏడాదికి. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 137 రూపాయలు. భాగించండి. పదహారు రోజుల కూలి. 68 ఏళ్ళు ఎదురుచూస్తే వచ్చింది పదహారు రోజుల కూలి. ఇవ్వకపోవడం కంటే నయమే, కాదనను. కానీ పిల్లాడిని బడిలో నిలబెట్టేది మాత్రం కాదు.

ఇప్పుడు నా సంగతి. నేను బీటెక్ చదివింది ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద. వైఎస్ రాజశేఖర రెడ్డి టైంలో పెద్ద ఎత్తున మొదలైన పథకం, నేను చేరేసరికి ఏడాదికి 35 వేల దాకా ప్రభుత్వం కట్టేది. ఆ డబ్బు లేకపోతే నాకు చెన్నైలో ఉద్యోగం లేదు, ఈ ఛానల్ లేదు, ఈ మైకు లేదు. కృతజ్ఞత ఉంది. కానీ నాతోపాటు ఎనిమిదిలో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లాడొకడు ఉన్నాడు, నాకంటే లెక్కలు బాగా చేసేవాడు. వాళ్ళ నాన్నకి సరస్సులో వంతు తక్కువ, పని ఎక్కువ. తొమ్మిదిలో దీపావళి సెలవుల తర్వాత రాలేదు. నా మీద నాలుగేళ్ళలో లక్షకి పైగా పెట్టిన ప్రభుత్వం, వాడి మీద ఆ రెండేళ్ళకి ఐదు వేలు కూడా పెట్టడానికి సిద్ధంగా లేదు. వాడు ఆ రీయింబర్స్‌మెంట్ కౌంటర్ దాకా రాలేదు కాబట్టి, వాడు ఏ లిస్టులోనూ డ్రాప్ అయినట్టు కూడా కనపడడు.

ఇప్పుడు దీనికి ఇంకో లెక్క కలిసింది. 2008లో పక్కనే సత్యవేడు, వరదయ్యపాళెం వైపు శ్రీసిటీ మొదలైంది. ఇప్పుడక్కడ లైన్ మీద పని కావాలన్నా ముందడిగేది సర్టిఫికెట్. టెన్తా, ఇంటరా, ఐటీఐనా? బస్సు ఊళ్ళోకే వచ్చి ఎక్కించుకుపోతుంది, కానీ పది పూర్తిచేయనివాడికి ఆ బస్సు ఆగదు. వాడి భూమి పక్కనే ఫ్యాక్టరీ ఉంటుంది, వాడు అందులో తోటపనికో క్లీనింగ్‌కో కాంట్రాక్టర్ కింద వెళ్ళాలి.

2020 జనవరి 9న చిత్తూరులో అమ్మఒడి మొదలైంది. తల్లి ఖాతాలోకి ఏడాదికి 15 వేలు, ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా, 75 శాతం హాజరు ఉండాలి. తర్వాత దాంట్లో వెయ్యి, ఆపైన రెండు వేలు బడి నిర్వహణకని పట్టుకున్నారు. ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒకసారే. 2025 జూన్‌లో కొత్త ప్రభుత్వం తల్లికి వందనం పేరుతో ప్రతి పిల్లకీ ఇవ్వడం మొదలుపెట్టింది, చేతికి 13 వేలు. పార్టీ గొడవలు పక్కనపెట్టండి, ఈ ఛానల్‌లో అవి వద్దు. పాత 2250తో పోలిస్తే ఇది వేరే లోకం. తల్లి పేరున పడటం కూడా చిన్న విషయం కాదు.

నా అభ్యంతరం ఒక్కటే. ఒకటో తరగతి పిల్లకీ 13 వేలు, పదో తరగతి పిల్లకీ 13 వేలు. ఒకటో తరగతి పిల్ల ఎలాగూ బడికి పోతుంది. మానేసే ప్రమాదం ఉన్నది తొమ్మిదిలో. మెక్సికోలో 1997లో ప్రోగ్రెసా అని మొదలుపెట్టినప్పుడు ఈ సంగతి ముందే ఆలోచించారు. తరగతి పెరిగేకొద్దీ డబ్బు పెరుగుతుంది, హైస్కూలు స్థాయిలో ఆడపిల్లకి మగపిల్లాడి కంటే ఎక్కువ. ఎందుకంటే ఆ వయసులో పిల్లాడి కూలి పెరుగుతుంది, ఆడపిల్ల మీద పెళ్ళి ఒత్తిడి పెరుగుతుంది. బంగ్లాదేశ్ ఇంకా సూటిగా వెళ్ళింది. 1994 నుంచి పల్లెటూళ్ళలో ఆరు నుంచి పది చదివే ఆడపిల్లలకి స్టైపెండ్. షరతులు మూడు: 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పెళ్ళి చేసుకోకూడదు. మనకంటే పేద దేశం, మనకంటే ముందు, సరిగ్గా ఆ మధ్య మెట్టు మీదే డబ్బు పెట్టింది.

ఇంకోటి, మన దేశంలోదే. 2006లో బీహార్ తొమ్మిదిలో చేరిన ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోమని రెండు వేలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పక్కనున్న జార్ఖండ్‌తో పోల్చి చూశారు. ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగింది. ఆ పెరుగుదల ఎక్కువగా ఎక్కడ? హైస్కూలు మూడు కిలోమీటర్లకంటే దూరమున్న ఊళ్ళలో. అంటే ఆ పిల్లల్ని ఆపింది చదువు మీద అయిష్టం కాదు, రోడ్డు. అదీ అంతమంది ఆడపిల్లలు కలిసి సైకిళ్ళ మీద పోతుంటే దారిలో భయం కూడా తగ్గింది. మన రాష్ట్రంలో కూడా తర్వాత బడికొస్తా పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు.

అయితే సైకిల్ నీళ్ళ మీద తేలదు కదా. తడ మండలంలో ఇరకం దీవి ఉంది. భీములవారిపాళెం నుంచి పడవ మీదే పోవాలి. టూరిస్టులకి అది సెల్ఫీ స్పాట్. అక్కడి పిల్లకి పైచదువు అంటే పడవ టైము, గాలివాటు, తుఫాను హెచ్చరిక. ప్రతి ఆవాసానికి ఐదు కిలోమీటర్లలో హైస్కూలు అని 2009లో మొదలైన మాధ్యమిక శిక్షా అభియాన్ లక్ష్యం పెట్టుకుంది. మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిస్తే ఐదు కిలోమీటర్లు ఎక్కడైనా ఐదే. మధ్యలో సరస్సుంటే ఆ కొలత అబద్ధం చెప్తుంది. ఇలాంటి చోట నన్నడిగితే 13 వేలు కాదు, పొద్దున సాయంత్రం టైముకి నడిచే పడవ, లైఫ్ జాకెట్లతో, బడి ఖర్చులోనే రాయాలి. లేదంటే సూళ్ళూరుపేటలో హాస్టల్ సీటు అడగకుండానే ఇవ్వాలి.

చివరిగా ఒక్క పనికొచ్చే విషయం చెప్పి ఆపేస్తా. నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది, 2008 నుంచి. దేశమంతా ఏటా లక్షమందికి, అందులో మన ఆంధ్రప్రదేశ్ వాటా నాలుగు వేల పైచిలుకు. మొదట్లో నెలకి 500, 2017 నుంచి నెలకి వెయ్యి, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు. మొత్తం 48 వేలు. తల్లికి వందనంతో కలిపితే తొమ్మిదో తరగతి పిల్ల పేరున ఏడాదికి 25 వేలు అవుతాయి. మన లెక్కలో ఇది మొదటిసారి ఇంట్లో మాట్లాడదగ్గ అంకె. పరీక్ష ఎనిమిదిలో ఉన్నప్పుడే రాయాలి. ప్రభుత్వ, జెడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్ళు అర్హులు, గురుకులాల్లో ఉండి చదివేవాళ్ళు కారు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. తొంభై మార్కులు రీజనింగ్, తొంభై మార్కులు సబ్జెక్టులు.

దీనికి దరఖాస్తు పిల్ల సొంతంగా పెట్టలేదు, బడి నుంచి హెడ్మాస్టరే పంపాలి. ఆదాయ సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్ సచివాలయంలో తీసుకోవడానికి టైం పడుతుంది, యానాది కుటుంబాల్లో ఆధార్‌లో పేరు ఒకలా, బడి రిజిస్టర్‌లో ఒకలా ఉండి ఆగిపోయిన కేసులు నేనే చూశాను. కాబట్టి మీ ఇంట్లో, మీ వీధిలో, మీ పడవలో పనిచేసే అన్న ఇంట్లో ఏడో తరగతి పూర్తిచేసిన పిల్ల ఉంటే, ఈ వేసవిలోనే ఆ పేర్లు సరిచేయించండి. బడి తెరిచాక వెళ్ళి సార్‌ని అడగండి, మా పిల్ల పేరు ఎన్ఎంఎంఎస్‌కి పంపుతున్నారా అని. వచ్చే ఎపిసోడ్‌లో శ్రీహరికోట. 1971లో మొదటి రాకెట్ ఎగరకముందు ఆ దీవి మీద ఎవరుండేవాళ్ళు, వాళ్ళని ఎక్కడికి పంపించారు, ఆ కథ. ఉంటాను.